రక్తం బయటికొచ్చాక ఏమవుతుంది? క్లాడ్ బెర్నార్డ్ కథ



పోయిన నెల పదో తరగతిలో రక్త ప్రసరణ పాఠం చెబుతుండగా ఒక పాప లేచి ఒక డౌట్ అడిగింది. వాళ్ల నాన్నగారికి డాక్టర్ ఏదో హార్మోన్ టెస్ట్ రాశారట. ఆయనతో పాటు తనూ ల్యాబ్‌కి వెళ్లింది. మిగతావాళ్ల రక్తం ట్యూబులన్నీ టేబుల్ మీద స్టాండులోనే ఉంచారు. నాన్నగారి ట్యూబును మాత్రం తీసిన వెంటనే ఐసు ముక్కల్లో పెట్టి గబగబా లోపలికి పట్టుకెళ్లారట. రక్తం కూడా పాలలాగా పాడైపోతుందా అన్నది ఆ పాప సందేహం.

క్లాసులో టైమ్ లేక చిన్న జవాబు చెప్పి కూర్చోబెట్టాను. పూర్తి జవాబు చెప్పాలంటే ఒక మనిషి జీవితం చెప్పాలి. ఆయన పేరు క్లాడ్ బెర్నార్డ్. మీ పిల్లల బయాలజీ పుస్తకంలో కాలేయం, గ్లైకోజెన్ గురించి ఉన్న నాలుగు వాక్యాల వెనక ఉన్నది ఆయనే. ఈ నెల ఆ కథ మీకోసం.

ద్రాక్షతోటల ఊరి కుర్రాడు

బెర్నార్డ్ 1813 జూలై 12న ఫ్రాన్స్‌లోని సెయింట్ జూలియన్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. బోజొలే అనే ద్రాక్షతోటల ప్రాంతం అది. తండ్రిది ద్రాక్ష సాగు. వైన్ వ్యాపారంలో చెయ్యి కాల్చుకుని అప్పులపాలయ్యాడు. కుర్రాడికి ఊరి చర్చి ఫాదర్ లాటిన్ నేర్పాడు. తర్వాత దగ్గరి ఊళ్లలో రెండు బళ్లలో చదివాడు కానీ, ఏ పట్టా చేతికి రాకుండానే చదువు ఆగిపోయింది. మెరికలాంటి విద్యార్థి అని అప్పుడెవరూ అనుకోలేదు.

పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో లియోన్ నగరం శివార్లలో ఒక మందుల షాపులో పనికి చేరాడు. మందులు నూరడం, సీసాలు కడగడం, ఊడవడం అతని పని. ఆ రోజుల్లో థెరియాక్ అనే ఒక లేహ్యం ఉండేది. పదుల కొద్దీ దినుసులు కలిపి చేసేవారు. ఏ జబ్బుకైనా అదే మందని జనం నమ్మేవారు. షాపులో నిల్వ ఉండి పాడైపోయిన మందుల్ని పారేయకుండా ఆ లేహ్యం కోసమే అట్టేపెట్టమని యజమాని చెప్పేవాడట. అందులో ఏముందో, అది ఎంతకాలం నిలవ ఉందో, మనిషి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో ఎవరికీ పట్టదు. మందుల మీద బెర్నార్డ్‌కి నమ్మకం పోవడం ఆ షాపులోనే మొదలైంది.

సాయంత్రాలు నాటకాలు చూసేవాడు. తనే ఒక చిన్న హాస్య నాటకం రాశాడు. అది లియోన్‌లో ఆడింది, జనానికి నచ్చింది కూడా. దాంతో ధైర్యం వచ్చి అయిదు అంకాల చారిత్రక నాటకం రాసుకుని, 1834లో పారిస్ బండెక్కాడు. అక్కడ పేరున్న సాహిత్య విమర్శకుడు సాన్ మార్క్ జిరార్డాన్‌ను కలిశాడు. ఆయన నాటకం చదివి, మందుల షాపులో పనిచేసిన అనుభవం ఉంది కాబట్టి మెడిసిన్ చదువుకోమని, రాయాలని ఉంటే తీరిక వేళల్లో రాసుకోమని సలహా ఇచ్చాడు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి అది ఎంత కష్టంగా అనిపించి ఉంటుందో మీరే ఊహించండి. అయినా ఆ మాట విన్నాడు.

ఇరవై తొమ్మిది మందిలో ఇరవై ఆరో ర్యాంకు

ఆగిపోయిన పరీక్ష పాసై మెడికల్ కాలేజీలో చేరాడు. 1839లో పారిస్ ఆస్పత్రుల్లో ఇంటర్న్‌గా ఎంపికయ్యాడు. సెలెక్ట్ అయిన 29 మందిలో ఆయనది 26వ స్థానం. 1843లో డాక్టర్ పట్టా వచ్చింది. మరుసటి ఏడాది మెడికల్ కాలేజీలో టీచింగ్ పోస్టుకి పోటీ పరీక్ష రాసి ఫెయిలయ్యాడు. సొంతూరికి వెళ్లి పల్లెటూరి వైద్యుడిగా బతుకుదామని కూడా ఆలోచించాడు.

కానీ ఈలోగా ఒక ప్రొఫెసర్ అతన్ని గమనించాడు. పేరు ఫ్రాన్స్వా మాజెండీ. ర్యాంకు సంగతి ఆయన చూడలేదు, డిసెక్షన్ టేబుల్ దగ్గర ఆ కుర్రాడి చేతి పనితనం చూశాడు. 1841లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లోని తన ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా పెట్టుకున్నాడు. ల్యాబ్ అంటే మన క్యాంపస్ ల్యాబుల్లాంటిది కాదు. చెమ్మపట్టిన చీకటి గది. తర్వాతి రోజుల్లో బెర్నార్డ్ ఆరోగ్యం దెబ్బతినడానికి ఆ గదులే కారణమని చాలామంది అంటారు.

తీపి ఎక్కడిది?

అప్పట్లో శాస్త్రవేత్తలందరి నమ్మకం ఒకటే. చక్కెర తయారుచేసేవి మొక్కలు మాత్రమే, జంతువులు దాన్ని తిని ఖర్చుపెట్టుకుంటాయి, అంతే. తిన్న చక్కెర ఒంట్లో ఎక్కడ మాయమవుతుందో కనిపెట్టాలని బెర్నార్డ్ బయల్దేరాడు. పిండి పదార్థాలు తిన్న కుక్కలో, కాలేయం నుంచి గుండెకు వెళ్లే రక్తంలో చక్కెర కనబడింది. అది ఊహించిందే. పోల్చి చూడ్డానికి మాంసం మాత్రమే పెట్టిన కుక్కలో కూడా చూశాడు. అక్కడా చక్కెర ఉంది! పేగుల్లో లేనిది కాలేయం దాటాక ఎలా వచ్చింది? అంటే కాలేయమే చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతోంది. ఇది 1848 నాటి మాట.

పోల్చి చూడ్డానికి పెట్టిన ఆ రెండో కుక్క లేకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు. పిల్లలకి ప్రాక్టికల్స్‌లో కంట్రోల్ అని మేం చెప్పేది దీన్నే.

1855లో ఆయన ఇంకో అడుగు వేశాడు. కాలేయం పిత్తరసాన్ని గొట్టం ద్వారా బయటికి వదులుతుంది, చక్కెరను మాత్రం నేరుగా రక్తంలోకి వదులుతుంది కదా. ఈ రెండో పనికి ఆయన అంతర్గత స్రావం అని పేరు పెట్టాడు. చక్కెర హార్మోన్ కాదు. హార్మోన్ అన్న మాటే 1905 దాకా లేదు, దాన్ని ఇంగ్లండులో స్టార్లింగ్ మొదలుపెట్టాడు. కానీ ఒక అవయవం నేరుగా రక్తంలోకి ఏదో వదిలి, శరీరం మొత్తాన్ని నడిపిస్తుందన్న ఆలోచనకి దారి వేసింది మాత్రం బెర్నార్డే.

ఒక్క రోజు ఆలస్యం

ఇప్పుడు మన పాప సందేహానికి వద్దాం.

కాలేయంలో ఎంత చక్కెర ఉందో కొలిచేటప్పుడు బెర్నార్డ్‌కి ఒక అలవాటు ఉండేది. ఒకే కాలేయం మీద రెండుసార్లు కొలిచేవాడు. రెండూ కలిస్తేనే నమ్మేవాడు. ఒక రోజు టైమ్ చాలక మొదటి కొలత వెంటనే చేసి, రెండోది మర్నాటికి వాయిదా వేశాడు. మర్నాడు చూస్తే చక్కెర ముందు రోజు కంటే చాలా ఎక్కువ ఉంది.

మీరైతే ఏం చేసేవారు? నేనైతే ఎక్కడో తప్పు చేశానని ఆ అంకె కొట్టేసి, కొత్తగా మొదలుపెట్టేదాన్ని. చాలామంది అదే చేస్తారు. బెర్నార్డ్ కొట్టేయలేదు. రెండు అంకెలూ నిజమే అయితే ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందని ఆలోచించాడు.

తర్వాత చేసిన ప్రయోగం చాలా సింపుల్. అప్పుడే తీసిన కాలేయం రక్తనాళాల్లోకి చల్లటి నీళ్లు ధారగా పంపి, చక్కెర ఆనవాలు లేకుండా కడిగేశాడు. పరీక్షిస్తే చక్కెర లేదు. దాన్ని అలాగే గదిలో ఒక రోజు వదిలేశాడు. మళ్లీ చూస్తే చక్కెర నిండుగా ఉంది. రక్తం లేదు, ప్రాణం లేదు. అయినా ఆ ముక్క తన పని తాను చేసుకుపోతోంది. అదే కాలేయాన్ని తీసిన వెంటనే మరిగిస్తే చక్కెర తయారీ ఆగిపోతుంది. అంటే చక్కెరగా మారే ఇంకో పదార్థం అందులో దాక్కుని ఉందన్నమాట. రెండేళ్లు కష్టపడి 1857లో దాన్ని విడదీశాడు. అదే గ్లైకోజెన్. మన ఒంట్లో పిండి పదార్థం దాచుకునే గాదె.

ఒంటి నుంచి తీసిన శాంపిల్ ఫొటోలాగా ఆగిపోదు, బయటికొచ్చాక కూడా మారుతూనే ఉంటుంది. ఎంతసేపు ఉంచారు, ఎంత వేడిలో ఉంచారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఆలస్యంగా చేసిన ఒక్క కొలత బెర్నార్డ్‌కి ఈ పాఠం నేర్పింది.

అదే మాట ఎదురు తిరిగింది

ఇక్కడే కథలో చిక్కు వచ్చింది. బెర్నార్డ్ దగ్గర పనిచేసి వెళ్లిన ఇంగ్లిష్ డాక్టర్ ఫ్రెడరిక్ పేవీ గురువుగారి మీదే వాదనకి దిగాడు. కాలేయంలో కనబడే చక్కెరంతా జంతువు చనిపోయాక తయారైనదే, బతికుండగా కాలేయం చక్కెర చేయదని ఆయన వాదన. బెర్నార్డ్ కనిపెట్టిన విషయాన్నే బెర్నార్డ్ మీద ప్రయోగించాడన్నమాట.

అది తేలిగ్గా కొట్టేయాల్సిన మాట కాదు. ఆలస్యంగా కొలిస్తే చక్కెర పెరుగుతుందన్నది నిజమే. కానీ బతికున్న జంతువులో కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుందన్నదీ నిజమే. అసలు సంగతి తేలాలంటే, శాంపిల్ మారేలోపు కొలవాలి. దాంతో బెర్నార్డ్ తన కొలిచే పద్ధతినే ఇంకా కట్టుదిట్టం చేసుకున్నాడు. తీసిన రక్తాన్ని వెంటనే సోడియం సల్ఫేట్‌తో కలిపి మరిగించి, ఆ తర్వాతే చక్కెర లెక్క చూసేవాడు. ఎందుకంటే రక్తంలో ఇంకో వింత గమనించాడు. కాలేయంలో చక్కెర పెరుగుతుంటే, బయటికి తీసి ఉంచిన రక్తంలో అదే చక్కెర తగ్గిపోతోంది. జీవితం చివరి ఏళ్లలో మధుమేహం మీద ఇచ్చిన లెక్చర్లలో ఈ విషయం చెప్పాడు.

కారణం ఇప్పుడు మనకు తెలుసు. ట్యూబులో ఉన్నా రక్త కణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. కణాల్ని వేరుచేయకుండా గది వేడిలో వదిలేస్తే గంటకి సుమారు 5 నుంచి 7 శాతం షుగర్ తగ్గుతుంది. షుగర్ టెస్టుకి బూడిద రంగు మూత ఉన్న ట్యూబు వాడేది ఇందుకే. అందులోని ఫ్లోరైడ్ ఆ కణాల తిండిని ఆపుతుంది. అది కూడా పూర్తిగా పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. అందుకే ట్యూబు సరైనదే అయినా త్వరగా ల్యాబ్‌కి చేరడం ముఖ్యం.

ఇంట్లో ఓడిపోయాడు

ఇంత పేరు సంపాదించిన మనిషి ఇంట్లో సుఖపడలేదు. అదీ మీకు చెప్పాలి.

1845లో ఒక పారిస్ డాక్టర్ గారి అమ్మాయి ఫ్యానీ మార్టిన్‌తో పెళ్లయింది. సంబంధం కుదిర్చింది స్నేహితుడే. ఆమె తెచ్చిన కట్నం డబ్బుతోనే బెర్నార్డ్ ల్యాబ్ వదలకుండా నిలబడగలిగాడు. భర్త ప్రాక్టీస్ పెట్టి బాగా సంపాదిస్తాడని ఆమె ఆశపడింది. ఆయన ఆ దారిలోకి వెళ్లనేలేదు. పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పసితనంలోనే పోయారు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు.

బతికున్న జంతువుల మీద ఆయన చేసే ప్రయోగాలు భార్యకి, కూతుళ్లకి అసహ్యం. వాటిలో చాలా ప్రయోగాలు ఈ రోజు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. తెలుసుకోవాలన్న పట్టుదలలో ఆ మూగజీవాల బాధ ఆయనకి కనబడలేదని చెప్పక తప్పదు. 1870 నాటికి భార్యాభర్తలు చట్టప్రకారం విడిపోయారు. కూతుళ్లు తల్లి వెంటే వెళ్లారు. శాంపిల్‌లో జరిగే చిన్న మార్పును కూడా వదలకుండా పట్టుకున్న మనిషి, ఇంట్లో ఏళ్ల తరబడి వచ్చిన మార్పును ఆపలేకపోయాడు.

1860ల్లో జబ్బుపడి సెయింట్ జూలియన్‌కి తిరిగి వచ్చాడు. ద్రాక్షతోటల మధ్య ఇంట్లో విశ్రాంతి తీసుకుంటూనే ప్రయోగ వైద్యం గురించి ఒక పుస్తకం రాశాడు. అది 1865లో వచ్చింది. రెండో కొలత మర్నాటికి వాయిదా పడిన కథ అందులో ఆయనే చెప్పుకున్నాడు. నాటక రచయిత కావాలనుకున్న కుర్రాడిని 1868లో ఫ్రెంచి అకాడమీ సభ్యుడిగా తీసుకుంది. అది దేశంలో గొప్ప రచయితలకి దక్కే గౌరవం. 1878 ఫిబ్రవరి 10న పారిస్‌లో కన్నుమూశాడు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. అప్పటిదాకా ఫ్రాన్స్‌లో ఏ శాస్త్రవేత్తకీ అలా జరగలేదు.

ఐసులో పెట్టిన ట్యూబు

ఇప్పుడు ఆ పాప వాళ్ల నాన్నగారి ట్యూబు. బెర్నార్డ్ కొలిచిన చక్కెర లీటరు రక్తంలో దాదాపు ఒక గ్రాము ఉంటుంది. హార్మోన్లు అంత ఉండవు. ఏసీటీహెచ్ అనే హార్మోన్ సంగతి చూడండి. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే, లీటరుకి అలాంటివి కొన్ని పదులు మాత్రమే ఉంటాయి. ఇంత తక్కువ మోతాదు కొలిచే పద్ధతి 1960 ప్రాంతంలో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ కనిపెట్టేదాకా లేదు. అందుకు యాలోకి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయారు.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ని విడుదల చేస్తుంది. రక్తంలో ఉండే ఎంజైములు దాన్ని వేగంగా ముక్కలు చేసేస్తాయి. అందుకే ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీసి, ఐసులో పెట్టి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాల్ని వేరుచేసి, వెంటనే పరీక్షిస్తారు లేదా గడ్డకట్టించి ఉంచుతారు. ఇది చేయకపోతే అంకె నిజం కంటే తక్కువ వస్తుంది. తక్కువ వస్తే ఏమవుతుంది అంటారా? ఒంట్లో కార్టిసాల్ ఎక్కువై జబ్బుపడిన మనిషికి ఏసీటీహెచ్ తక్కువ ఉంటే, లోపం కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో ఉందని డాక్టర్ అనుకుంటారు. నిజానికి లోపం పిట్యూటరీలో ఉండొచ్చు. టేబుల్ మీద మర్చిపోయిన ఒక్క ట్యూబు వల్ల వెతకాల్సిన చోటు తల నుంచి కడుపుకి మారిపోతుంది.

అన్ని హార్మోన్లూ ఇంత సున్నితం కావు. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ గట్టిది, కణాల్ని వేరుచేసి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు నిలుస్తుంది. కార్టిసాల్ కూడా అంతే. ఇన్సులిన్‌కి వేరే గండం ఉంది. ట్యూబును గట్టిగా ఊపినా, సిరంజితో బలంగా లాగినా ఎర్ర కణాలు పగులుతాయి. వాటి లోపల ఇన్సులిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఇక రెనిన్ టెస్టుది పూర్తిగా ఉల్టా. దాన్ని ఐసులో పెడితేనే అంకె తప్పుగా పెరిగిపోతుంది. కాబట్టి అన్నింటినీ చల్లగా ఉంచితే చాలు అనుకోవడానికి లేదు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

మన ఎండలు మీకు తెలిసినవే. మే నెల మధ్యాహ్నం బండి మీద వెళ్లే శాంపిల్ బాక్స్ గురించి ఒక్కసారి ఆలోచించండి. భయపడమని కాదు, అడగమని చెబుతున్నాను. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయిని, ల్యాబ్‌కి ఎంతసేపట్లో చేరుతుందని మర్యాదగా అడగండి. ట్యూబు మీద పేరుతో పాటు టైమ్ రాశారో లేదో చూడండి. రిపోర్టులో అంకె మీ ఆరోగ్యంతో పొంతన లేకుండా ఉంటే, మీకు మీరే మాత్ర మానేయడం, పెంచడం చేయకండి. డాక్టర్ గారిని అడిగి మళ్లీ చేయించుకోండి. బెర్నార్డ్ కూడా రెండుసార్లు కొలిచేవాడు కదా.

చివరిగా ఒక మాట

వచ్చే వారం యూనిట్ టెస్ట్ మార్కులు మీ చేతికి వస్తాయి. అవీ ఒక కొలతే. మార్కుల్ని తీసిపారేయమని నేను చెప్పను, వాటిని వేసేదాన్ని నేనే. కానీ పోయిన నెల 22 వచ్చిన పిల్లాడికి ఈ నెల 13 వస్తే, ఆ అంకె కొట్టేయకండి, దాంతో పిల్లాడిని కొట్టకండి. ఈ రెండు కొలతల మధ్య ఏం జరిగిందో అడగండి. ఆ వారం జ్వరమా? నిద్ర లేదా? ఇంట్లో గొడవా? క్లాసులో సీటు మారిందా? లేక మేం చెప్పింది అర్థం కాలేదా? ఏ స్థితిలో కొలిచామో తెలియకుండా కొలత అర్థం కాదు. పీటీఎంకి వచ్చినప్పుడు ఆ సంగతి నాతో చెప్పండి. నా దగ్గరున్నది కూడా మీతో చెబుతాను.

ఆ పాప వాళ్ల నాన్నగారి రిపోర్టు వచ్చిందట. కంగారు పడాల్సింది ఏమీ లేదన్నారట. ఈ వ్యాసం ముందుగా చదివింది ఆ పాపే. ఇప్పుడు తనకి ఇంకో డౌట్ వచ్చింది, రెనిన్‌ని ఐసులో పెడితే ఎందుకు పెరుగుతుందని. దానికి జవాబు క్లాసులో చెబుతాను. మీరు మాత్రం ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని ఒకటి అడగండి. మాంసం మాత్రమే తిన్న కుక్క రక్తంలోకి తీపి ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్లు ఆలోచించేదాకా ఆగండి, జవాబు మీరు చెప్పేయకండి.